కంపునల్లి వేరు, కంకినల్లి వేరు

ఏవండీ, గంగరావి చెట్టు కింద ఎప్పుడైనా కాసేపు నిలబడి నేలకేసి చూశారా? ఎండుకాయలు రాలే రోజుల్లో చూడండి. ఎర్రటి ఒంటిమీద నల్లచుక్కలున్న పురుగులు గుంపులుగా చేరి, గింజల్లోకి ముక్కు దించి రసం పీలుస్తుంటాయి. కొన్ని జంటలు వెనకవైపు అతుక్కుని ఉంటాయి. ఒకటి ముందుకు నడిస్తే రెండోది వెనక్కి నడుస్తుంది. అక్కణ్ణుంచి పొలం గట్టున జిల్లేడు దగ్గరికి రండి. అక్కడా ఎరుపూ నలుపూ కలిసిన పురుగులే. రెండూ ఒకటేననుకుంటాం. కానే కాదు.

ఒక భూతద్దం తీసుకుని తలలు చూడండి. జిల్లేడు పురుగుకు రెండు పెద్ద కళ్లు కాక, నడినెత్తిన మరో రెండు చుక్కల్లాంటి సరళ నేత్రాలుంటాయి. గంగరావి పురుగుకు అవి ఉండవు. ఆ రెండు చుక్కలతోనే కుటుంబాలు వేరయిపోయాయి. జిల్లేడుది లైగేయిడే, గంగరావిది పైరోకోరిడే. ఇలా ముక్కు దించి గింజల రసం పీల్చి బతికే పురుగుల్ని ఈ పూటకు గింజనల్లులనుకుందాం. మన దివిసీమలో, గుడివాడ మాగాణుల్లో, బందరు ఇసుక నేలల్లో వీటి చుట్టరికాలు తెలుసుకోవడం రైతుకు ఎంత అవసరమో చెప్పాలనే ఈ కబుర్లు.

ఈ పేర్ల కథలో మన తీరానికీ చోటుంది. 1758లో లిన్నేయస్ దాదాపు నల్లులన్నిటినీ సైమెక్స్ అనే ఒక్క ప్రజాతిలో చేర్చాడు. మంచంలో నల్లీ, చెట్టుమీద నల్లీ అన్నీ అందులోనే. ఆయన శిష్యుల్లో ఇద్దర్ని మనం తలుచుకోవాలి. ఒకరు యోహాన్ కోనిగ్. 1768లో తరంగంబాడికి వైద్యుడిగా వచ్చి, దక్షిణాదంతా తిరిగి మొక్కల్నీ పురుగుల్నీ సేకరించి యూరప్‌కు పంపేవాడు. రెండోవారు ఫాబ్రీషియస్. అక్కడ కూర్చుని ఆ పురుగుల్ని పరీక్షించి పేర్లు పెట్టేవాడు. 1775లో ఫాబ్రీషియస్ పేరు పెట్టిన ఎర్ర పురుగుల్లో ఒకదానికి స్నేహితుడి పేరే దక్కింది. దాన్నే ఇవాళ డిస్‌డెర్కస్ కోనిగీ అంటున్నాం. పత్తికాయలో గింజ పీల్చి, దూదికి మరక తెచ్చే పురుగు అదే. 1794లో లైగేయస్ అనే ప్రజాతిని వేరుచేసి పేరు పెట్టిందీ ఫాబ్రీషియసే.

కోనిగ్ ఎక్కడ కన్నుమూశాడో తెలుసా? మన కాకినాడ జగన్నాథపురంలో, 1785 జూన్‌లో, విరేచనాల జబ్బుతో. అప్పటికి సామర్లకోటలో ఉన్న వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ ఆయన్ను చూసుకున్నాడు. కోనిగ్ తన కాగితాలన్నీ లండన్‌లోని ప్రకృతి శాస్త్రవేత్త జోసెఫ్ బ్యాంక్స్‌కు రాసిచ్చాడు. ఊరుకాని ఊళ్లో ప్రాణం పోయే దాకా పురుగుల్నీ మొక్కల్నీ వెతికిన మనిషి పేరు మన చేలల్లో ఇంకా నడుస్తోంది. నాకిది చాలా పెద్ద విషయంగా తోస్తుంది.

ఆ తర్వాత పని ఇంకా పెరిగింది. 1904లో డిస్టంట్ అనే కీటక శాస్త్రవేత్త బ్రిటిష్ ఇండియా నల్లుల మీద రాసిన రెండో సంపుటంలో ఈ లైగేయిడే కుటుంబం వివరాలిచ్చాడు. 1964లో అమెరికాలో జేమ్స్ స్లేటర్ ప్రపంచంలోని లైగేయిడే పురుగులన్నిటికీ రెండు సంపుటాల పట్టిక తెచ్చాడు. 1997లో థామస్ హెన్రీ ఆ పెద్ద కుటుంబాన్ని విడగొట్టాడు. ఒకే ఇంటిపేరున్న వాళ్లంతా అన్నదమ్ములు కానట్టే, ఇందులో కొన్ని పురుగులకు తోటివాటి కంటే బయటి కుటుంబాలే దగ్గరని ఆయన ఒంటి నిర్మాణాన్ని పోల్చి తేల్చాడు. అప్పటిదాకా ఉపకుటుంబాలుగా ఉన్నవి చాలా సొంత కుటుంబాలయ్యాయి.

మాటిమాటికీ పేర్లు మారుస్తారేమిటని కొందరు విసుక్కుంటారు. ఆ మార్పు మన పొలంలో ఏం చెబుతుందో చూడండి. బెండకాయ ముదిరి పగిలితే లోపల గింజల చుట్టూ బూడిదరంగు చిన్న పురుగులు కనిపిస్తాయి. అది ఆక్సీకరెనస్, ఇప్పుడు ఆక్సీకరెనిడే కుటుంబం. బందరు తీరాన వేరుశెనగ పీకి కళ్లంలో ఆరబెడితే, తొక్కలోంచే ముక్కు గుచ్చి గింజ రసం లాగేసే గోధుమరంగు పురుగు ఎలాస్మోలోమస్. అది రైపరోక్రోమిడే. దాని దెబ్బకు గింజ ముడుచుకుపోతుంది, నూనె చేదెక్కుతుంది. ఇక మూడోది జియోకోరిస్. తలకు రెండు పక్కలా ఉబికిన పెద్ద కళ్లు దాని గుర్తు. ఇదీ ఒకప్పుడు లైగేయిడేలోనే ఉండేది. కానీ దీని బతుకు వేరు. గింజలూ రుచి చూస్తుంది గానీ, ముఖ్యంగా తెల్లదోమనూ, పేనుబంకనూ, పురుగుల గుడ్లనూ తింటుంది.

వరి మాగాణి మినుము వేసే మన రైతుకు దీనికంటే కావలసిన చుట్టం ఎవరండీ? మినుముకు పల్లాకు తెగులు అంటించేది తెల్లదోమ. దాన్ని తినే పురుగును కూడా నల్లే కదా అని మందు కొట్టి చంపుకుంటే, మన చేత్తో మనం కాపలాదారుణ్ణి పోగొట్టుకున్నట్టే. జియోకోరిస్‌ను వేరు కుటుంబంగా నిలబెట్టిన శాస్త్రం రైతుకు చేసే మేలు అక్కడుంది.

వరిలో ఏ నల్లి ఏదో వేరుగా గుర్తించే అవసరం ఇంకా ఎక్కువ. గింజ పాలు పోసుకునే వేళ సన్నగా పొడుగ్గా, పొడవాటి కాళ్లతో కంకుల మీద తిరుగుతూ, ముట్టుకుంటే కంపు కొట్టేది కంపునల్లి. దాని శాస్త్రనామం లెప్టోకొరైసా. ఆరు కాళ్లు, కంటికి కనిపిస్తుంది. కంకినల్లి అలా కాదు. దానికి ఎనిమిది కాళ్లు, సాలెపురుగుల వైపు బంధువు, మామూలు కంటికి ఆనదు, ఆకు తొడిమెల లోపల దాగుతుంది. రెండిటి వల్లా గింజలు తాలుపోతాయి, రంగు మారతాయి. పేరులో ఒక్క అక్షరం తేడా, అందుకే ఊళ్లో ఒకదానికి చెప్పిన మందు రెండోదానికి కొట్టేస్తారు. కంకినల్లికి వాడే నల్లిమందు కంపునల్లికి పనికిరాకపోవచ్చు, పురుగుమందు కంకినల్లిని వదిలేయవచ్చు. డబ్బు పోతుంది, పంటా పోతుంది.

పురుగుల మీద దక్షిణాదికి మంచి పుస్తకాలు రాలేదా అంటే వచ్చాయి. బైన్‌బ్రిగ్ ఫ్లెచర్‌ది 1914లో, రామకృష్ణ అయ్యర్‌ది 1940లో. కానీ అవి ఇంగ్లీషులో ఉన్నాయి. మన డెల్టా నల్లులన్నిటికీ ఒక తెలుగు చిట్టా కావాలని నా కోరిక. ఏ పురుగు, ఏ చెట్టు మీద, ఏ నెలలో, దేనికి చుట్టం, రైతుకు మిత్రమా శత్రువా అని బొమ్మలతో సహా ఉండాలి. బందరులో, గుడివాడలో జంతుశాస్త్రం చదివే పిల్లలు సెలవుల్లో చేయగల పనే ఇది. తలలో కళ్లూ, మీసాల కణుపులూ, కాళ్లూ లెక్కపెట్టడం వాళ్లకు నేర్పితే చాలు.

అంతవరకు మీరో సాయం చేయండి. ఈసారి కంకుల్లో తాలు కనిపిస్తే ముందు నాలుగు కంకులు తొడిమెలతో సహా కోయండి, దొరికిన పురుగును సీసాలో వేయండి. ఘంటసాల కృషి విజ్ఞాన కేంద్రానికి పట్టుకెళ్లి చూపించండి. ఆరు కాళ్లదో, ఎనిమిది కాళ్లదో వాళ్లు చెప్పాకే మందుల కొట్టుకు వెళ్లండి.