ఎయిర్ పట్టింది సార్!

పేట్ బషీరాబాద్‌లో, మేడ్చల్ రోడ్డు పక్కన మా పాత డీజిల్ జీపు ఆగిపోయింది.
సెల్ఫ్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోదు.

మెకానిక్ ఫిల్టర్ మీది స్క్రూ వదులు చేసి చేతి పంపు కొడితే అంతా నురగే!
గాలి నొక్కితే కుదించుకుపోతుంది, డీజిల్ కుదించుకోదు. గాలి ఉన్నంతసేపూ ఇంజెక్టర్ తెరుచుకునే ఒత్తిడి రాదు.
బుడగలు ఆగాక స్క్రూ బిగించాడు. ఇంజెక్టర్ల పైపుల నట్లు వదులు చేసి, సెల్ఫ్ కొట్టించి అక్కడి గాలీ తీశాడు.
(కామన్ రైల్ బండ్లలో ఆ నట్ల జోలికి పోకండి, ఆ ఒత్తిడికి ప్రాణాలే పోవచ్చు.)

"లీకెక్కడన్నా?" అంటే ట్యాంకు నుంచి వచ్చే పైపు తడిమాడు.
"ఈడ చుక్క కారది సార్. గాలినే గుంజుతది."

ట్యాంకు నుంచి డీజిల్ గుంజే ఫీడ్ పంపు దాటాక లీకైతే కారి దొరికిపోతుంది. పంపుకి ముందున్న పగులు మాత్రం చాలాసార్లు పొడిగానే ఉంటుంది!
నాకదే తెగ నచ్చేసింది.

ట్రాక్టర్లు నడిపేవాళ్లూ, ఆ పొడి పగులు మీరెలా పట్టుకుంటారు?