తొలి బడి

గోదావరి జిల్లాల వాళ్ళకి సముద్రం దాటి బతకడం కొత్త కాదు. కోరంగి రేవులో ఓడలెక్కి రంగూన్ వెళ్ళినవాళ్ళూ, మారిషస్ చెరకు తోటలకి వెళ్ళినవాళ్ళూ మనవాళ్ళే. మొన్నటి తరంలో ఈ జిల్లాల ఆడవాళ్ళు ఎందరో కువైట్‌కీ మస్కట్‌కీ ఇంటిపనికి వెళ్ళారు. వాళ్ళు పంపిన డబ్బుతో పెంకుటిళ్ళు డాబాలయ్యాయి, పిల్లలు డిగ్రీలు చదివారు. ఇప్పుడు ఆ పిల్లల్లో కొందరు ఎం.ఏ. ఇంగ్లీషు, బి.ఎడ్. పూర్తిచేసి ఇంగ్లీషు పాఠం చెప్పడానికి దేశం దాటుతున్నారు. తల్లి ఇంకొకరి వంటింట్లో నిలబడి సంపాదిస్తే, కూతురు నల్లబల్ల ముందు నిలబడి సంపాదించబోతోంది. ఒక్క తరంలో ఇంత దూరం వచ్చామంటే నాకు చెప్పలేనంత సంతోషం. అందుకే ఆ తొలి ఉద్యోగం తొందరపాటులో చేజారకూడదని నా తపన.

మా పట్టిసీమలో అలాంటి అమ్మాయి ఒకతె ఉంది. రాజమహేంద్రవరంలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసింది. మూడు చోట్ల నుంచి పిలుపొచ్చింది. మాల్దీవుల్లో ఒక చిన్న దీవి మీద ప్రభుత్వ బడి ఒకటి. థాయిలాండ్‌లో ఏజెన్సీ ద్వారా ఒక జిల్లా బడి రెండోది. వియత్నాంలో సాయంత్రాలు నడిచే ఇంగ్లీషు సెంటరు మూడోది. వాళ్ళమ్మ ఆ కాగితాలన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని మా ఇంటికొచ్చి, "ఎక్కడ ఎక్కువిస్తే అక్కడికి పంపేద్దామనుకుంటున్నామండి మాష్టారూ. మీరేమంటారు?" అంది. జీవితమంతా ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ణి కనక ఆవిడ నన్నడిగింది. ఆవిడకి చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నాను.

మూడింటిలో పెద్ద అంకె వియత్నాందే. కానీ ఆ కాగితం నిదానంగా చదివితే అది నెల జీతం కాదు, గంటల లెక్క. అలాంటి సెంటర్లకి పిల్లలు బడి అయ్యాక వస్తారు కాబట్టి పని సాయంత్రాలూ శని ఆదివారాలూ ఉంటుంది. పిల్లలు తగ్గితే గంటలు తగ్గుతాయి, గంటలు తగ్గితే డబ్బు తగ్గుతుంది. వారానికి కనీసం ఇన్ని గంటలిస్తామని రాసి ఉందా అన్నదే అక్కడ అసలు ప్రశ్న.

థాయిలాండ్‌లో విద్యా సంవత్సరం మే నెల మధ్యలో మొదలవుతుంది. ప్రభుత్వ బళ్ళలో ఒక్కో తరగతిలో నలభై, యాభై మంది పిల్లలుండడం మామూలే. ఏజెన్సీ ద్వారా వెళ్ళేవాళ్ళు ముందు చూసుకోవలసింది జీతం పన్నెండు నెలలకా, సెలవులు కోసేసి పది నెలలకా అన్నది. మన పాస్‌పోర్టు ఉన్నవాళ్ళని టోయిక్ అనే ఇంగ్లీషు పరీక్ష మార్కులు అడుగుతారు, సాధారణంగా 600కి తగ్గకూడదంటారు. అన్నిటికీ మించి, "ముందు టూరిస్టు వీసా మీద వచ్చేయండి, తర్వాత మార్పిస్తాం" అన్న మాట వినబడితే ఆ ఉద్యోగం అక్కడితో వదిలెయ్యాలి. నాన్ ఇమిగ్రెంట్ బి వీసా, వర్క్ పర్మిట్ లేకుండా పాఠం చెబితే చట్టం దృష్టిలో తప్పు చేసింది బడి ఒక్కటే కాదు, టీచరు కూడా.

మాల్దీవుల్లో బడి చదువు చాలావరకు ఇంగ్లీషు మీడియంలోనే. అక్కడి బళ్ళలో మన దేశం టీచర్లు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు. జీతం ప్రభుత్వానిది, ఇంటికి అలవెన్సు ఉంటుంది. కానీ చాలా దీవులు ఈ చివర నుంచి ఆ చివరకి కాసేపట్లో నడిచి వెళ్ళేంత చిన్నవి. రాజధాని మాలె వెళ్ళాలంటే పడవో చిన్న విమానమో ఎక్కాలి. జీతం రుఫియాల్లో ఇస్తారు. డాలర్లకి కటకట ఉన్న దేశం కనక నెలకి ఇంటికి ఎంత పంపనిస్తారో ముందే తెలుసుకోవాలి. కూతురు పంపే డబ్బు మీద అప్పు తీర్చే లెక్క వేసుకున్న ఇంటికి ఈ ఒక్క వివరమే అన్నిటికన్నా పెద్దది.

ఈ మూడూ కాక నాలుగో దారి ఒకటుందని కూడా వాళ్ళకి చెప్పాను. భూటాన్‌లో చదువు ఇంగ్లీషులోనే నడుస్తుంది, భారతీయ టీచర్లు దశాబ్దాలుగా అక్కడ చెబుతున్నారు, అక్కడి నోటు విలువ మన రూపాయితో సమానం. జీతం అంకె చిన్నదే గాని, మొదటిసారి ఇల్లు వదిలేవాళ్ళకి అది దగ్గర దారి.

ఇక కాగితాలు. ఓడీ, అంటే అసలు డిగ్రీ పట్టా, చేతికి రాకుండా, ప్రొవిజనల్ సర్టిఫికెట్‌తో బయల్దేరకూడదు. ఆ పట్టా అసలుదేనని చెప్పడానికి కొన్ని దేశాలకి విదేశాంగ శాఖ అపోస్టిల్ ముద్ర చాలు, కొన్నిటికి వాళ్ళ రాయబార కార్యాలయం ముద్ర కూడా కావాలి. దానికి వారాలు పడుతుంది. ఏజెంటు 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం కింద లైసెన్సు ఉన్నవాడేనా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. లైసెన్సున్న ఏజెంటు కూడా 30,000 రూపాయలూ, దాని మీద జి.ఎస్.టి. మించి సర్వీసు చార్జీ తీసుకోకూడదు. లక్షలడిగేవాడు చట్టం దాటినవాడే. 2024 మే నెలలో విశాఖ పోలీసులు బయటపెట్టిన సంగతి మనం మర్చిపోకూడదు. కంప్యూటర్ ఉద్యోగాలని నమ్మించి మన కుర్రాళ్ళని కంబోడియా తీసుకెళ్ళి, గదుల్లో పెట్టి, ఫోన్లలో మోసాలు చేయించారు. ఉద్యోగం పేరు ఏదైనా ఎర వెయ్యొచ్చు. ఇంగ్లీషు టీచరు అన్న పేరుతో కూడా. సందేహం వస్తే ప్రవాసాంధ్రుల కోసం తాడేపల్లిలో ఉన్న ఏ.పి.ఎన్.ఆర్.టి. సొసైటీకి ఫోను చెయ్యడానికి మొహమాటం అక్కర్లేదు.

అమ్మాయిని బాధపెట్టింది మాత్రం ఈ లెక్కలేవీ కావు. చాలా ప్రకటనల్లో "నేటివ్ స్పీకర్లు మాత్రమే" అని ఉంటుంది. అదే తరగతికి, అదే పాఠానికి, ఇంగ్లండు పాస్‌పోర్టుకి ఒక జీతం, మన పాస్‌పోర్టుకి ఇంకో జీతం. "మాష్టారూ, నా ఇంగ్లీషు తక్కువదా?" అని అడిగింది. తక్కువది కాదమ్మా. అది నువ్వు కష్టపడి నేర్చుకున్న ఇంగ్లీషు, అందుకే నేర్పడానికి పనికొస్తుంది. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్ పెట్టిందే ఇంగ్లీషు తల్లి భాష కానివాళ్ళని మంచి ఇంగ్లీషు టీచర్లుగా తయారుచెయ్యడానికి. ఇవాళ అదే ఇఫ్లూ, అంటే ఇంగ్లీష్ అండ్ ఫారిన్ లాంగ్వేజెస్ యూనివర్సిటీ.

ఇందులో ఓదార్పు మాటేమీ లేదు, ఇది పనికి సంబంధించిన విషయం. తెలుగులాగే థాయి, వియత్నాం భాషల్లోనూ ఇంగ్లీషులో నామవాచకం ముందొచ్చే ఎ, ది లాంటివి లేవు. ఎక్కడ పెట్టాలో తెలీక పిల్లవాడు తడబడితే, ఆ తడబాటు నువ్వు పడిందే. మాటకి చివర హల్లు వస్తే మనం అచ్చు తగిలిస్తాం, థాయి పిల్లవాడు ఆ హల్లుని మింగేస్తాడు. దాన్ని సరిదిద్దాలంటే నాలుక ఎక్కడ ఆనాలో చూపించాలి, అది నీకు నేర్చుకుంటే వచ్చింది కనక చూపించగలవు. మాల్దీవుల వాళ్ళ ధివేహిలో మన తెలుగులాగే క్రియ వాక్యం చివర వస్తుంది. ఆ పిల్లలు ఇంగ్లీషు వాక్యం తలకిందులుగా రాస్తే ఎందుకలా రాశారో నీకు చూడగానే తెలుస్తుంది.

సముద్రం దాటి ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన మనిషి ఒకాయన ఒకప్పుడు మన గోదావరి ఒడ్డునే ఉండేవాడు. ఆస్వాల్డ్ కూల్డ్రే ఇరవై ఏడేళ్ళ వయసులో, 1909లో, రాజమండ్రి గవర్నమెంట్ ఆర్ట్స్ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చాడు. 1919 దాకా ఉన్నాడు. పాలించే దొరతనం అండతో వచ్చినవాడు కనక మన అమ్మాయికి ఎదురయ్యే భయాలేవీ ఆయనకి లేవు. ఆ తేడా చాలా పెద్దది. అయినా ఆయన్ని మనం తలుచుకునేది ఆ పదవిని బట్టి కాదు. స్వయంగా చిత్రకారుడైన ఆ మనిషి తన దగ్గరకొచ్చిన పిల్లల్లో ఏముందో చూశాడు. దామెర్ల రామారావు చేతిలోని రేఖని గుర్తించి, బొంబాయి జె.జె. ఆర్ట్ స్కూలు దాకా వెళ్ళేలా చేశాడు. అడివి బాపిరాజు ఆయన శిష్యుడే. దామెర్ల 1925లో ఇరవై ఎనిమిదేళ్ళైనా నిండకుండానే వెళ్ళిపోయాడు గాని, ఆయన బొమ్మలు రాజమహేంద్రవరంలో ఇప్పటికీ చూడొచ్చు. ఇంగ్లీషు మాష్టారిగా వచ్చిన మనిషి తెలుగు పిల్లల కళ్ళలోకి చూడగలిగాడు కనకే మన చిత్రకళ ఒక మలుపు తిరిగింది. పరాయి దేశం వెళ్ళే టీచరుకి అంతకన్నా పెద్ద ఆశ ఏముంటుంది?

కానీ పిల్లల కళ్ళలోకి చూడాలంటే ముందు టీచరుకి తరగతి గది అంటే భయం పోవాలి. ఆ భయం ఒంటరిగా పోదు. పట్టిసీమ రేవు నుంచి పాపికొండలకి లాంచీ నడిపే కుర్ర సరంగు ముందు పాత సరంగు పక్కన నిలబడి ఏరు నేర్చుకుంటాడు. ఈ ఏడు ఇసుక మేట ఎక్కడ వేసిందో, సుడి ఎక్కడ తిరుగుతోందో చెప్పేవాడు పక్కనుండాలి. తొలి ఏడాది టీచరుకీ అంతే. వారానికి ఎన్ని పీరియడ్లు, లెసన్ ప్లాన్ ఎవరు చూస్తారు, పుస్తకాలు ముందే ఇస్తారా, అల్లరి చేసే తరగతికి సాయమెవరు వస్తారు అన్న ప్రశ్నలు జీతంతో పాటు అడగాలి. తొలి రెండేళ్ళలో పని బాగా నేర్చుకున్నవాళ్ళకి మూడో ఏడు అడిగిన జీతం ఇచ్చే బళ్ళు దొరుకుతాయి. గల్ఫ్‌లోని సి.బి.ఎస్.ఇ. బళ్ళు సైతం ముందు అడిగేది అనుభవమే. ఎవరూ పట్టించుకోని చోట రెండేళ్ళు గడిపితే మిగిలేది అలసట, కాస్త డబ్బు.

అందుకని ఆ తల్లీకూతుళ్ళకి నేను ఫలానా దేశమని చెప్పలేదు. ఒక పని చెప్పాను. మూడు చోట్లకీ ఉత్తరం రాయమన్నాను: "మొదటి నెలలో నా క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని నా పాఠం చూసేదెవరు? ఇప్పుడు మీ దగ్గర పనిచేస్తున్న భారతీయ టీచరు ఎవరితోనైనా మాట్లాడవచ్చా?" జవాబు దాటవేసే చోట అంకె ఎంతున్నా వద్దు. పేరు చెప్పి, ఫోను నంబరిచ్చి, "ఈవిడతో మాట్లాడమ్మా" అన్న బడి ఉంటే, జీతం కొంచెం తక్కువైనా సరే, అక్కడి ఒప్పంద పత్రం మీదే సంతకం పెట్టమన్నాను.