అడిగి చేసిన సాయము

స్వచ్ఛందసేవనుగూర్చి నాలుగు మాటలు వ్రాయుమని ఈ సంచిక సంపాదకులు నన్ను కోరిరి. సేవవలన లోకమునకు మేలు, చేసినవానికి పుణ్యము అని వ్రాసి ముగించుట సులభమే. కాని సేవ చేయబోయి నేను సిగ్గుపడిన దినమొకటి కలదు. దానిని దాచి తక్కినది వ్రాయుట న్యాయముగా తోచలేదు.

2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగముతో వీచి, ఒక్కొక్కప్పుడు 165 వరకు పెరిగెను. తిత్లీ యనగా సీతాకోకచిలుక. ఉద్దానమువారికి ఆ పేరు వినినచో నేటికిని నవ్వు రాదు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతములలో కొబ్బరిచెట్లు లక్షలకొలది నేలకొరిగెను. జీడితోటలు, పనసచెట్లు వానితోపాటే పోయెను. ఉద్దానములో కొబ్బరిచెట్టును ఇంటి పెద్దకొడుకుగా నెంచుదురు. ఒక్కరాత్రిలో ఎందరు పెద్దకొడుకులు పోయిరో ఆ తల్లిదండ్రులకే తెలియును.

అవి దసరా సెలవులు. పై తరగతి బాలురు పన్నెండుగురు తల్లిదండ్రుల యనుమతితో నా వెంట బయలుదేరిరి. మూడు గోతాముల పాతబట్టలు, బిస్కత్తు పొట్లములు, రెండు గొడ్డళ్లు, ఒక రంపము, పాఠశాల పేరు వ్రాయించిన గుడ్డయొకటి మా సామగ్రి. తుపాను వెళ్లిన ఆరవనాడు కవిటి మండలములోని యొక గ్రామము చేరితిమి. చేరిన వెంటనే మేము చేసిన మొదటి పని యేమనుకొన్నారు? ఆ గుడ్డను పట్టుకొని వరుసగా నిలిచి ఛాయాచిత్రము తీయించుకొంటిమి. వెనుక పడియున్న చెట్లు చిత్రములో చక్కగా పడవలెనని నేనే బాలురను ఇటునటు జరిపితిని.

పిమ్మట బట్టలు పంచ నారంభించితిమి. పుచ్చుకొనువారు లేరు. ఒక ముసలమ్మ మాత్రము దగ్గరకు వచ్చి, "గుడ్డలకేటి బాబూ, మా ఇంట్లో ఉన్నాయి. మా ముసిలోడికి మిషను మీద రగతం కడగాల. రెండు తడవలు తప్పిపోనాది. రోడ్డుదాకా దారి తియ్యండి, సాలు" అనెను.

ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి బహుకాలముగా నున్నది. దానికి కారణమిదియేయని నేటికిని నిశ్చయముగా తేలలేదు. వ్యాధి ముదిరినవారు వారమునకు రెండు మూడు మారులు డయాలిసిస్ చేయించుకొననిచో బ్రదుకుట కష్టము. ఆమె భర్త యొళ్లు వాచి, పడుకొన్నచో ఊపిరాడక, గోడకు చేరబడి కూర్చుండియుండెను. ఆ యింటికిని పెద్దరోడ్డునకును నడుమ అర మైలు సందు. దానినిండ కొబ్బరిమొద్దులు, తీగలు, విరిగిన స్తంభములు. మేము నిలిచి చిత్రము తీయించుకొన్న స్థలము ఆ సందు మొగదలయే.

మీకేమి కావలయునని మేము ఎవరిని అడిగితిమి? ఎవరినిని అడుగలేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్ద తీరము దాటినప్పుడు విజయనగరములో మా వీధియంతయు చీకటిలో నుండగా, ఎవరో పుణ్యాత్ములు వచ్చి దుప్పట్లు పంచి వెళ్లిరి. మాకు కావలసినవి నీరు, కొవ్వొత్తులు. ఆనాడు వారిని చూచి నవ్వుకొన్నవాడను నేనే.

తీగలలో విద్యుత్తు లేదని గ్రామస్థులు రూఢిచేసిన పిమ్మట పని మొదలుపెట్టితిమి. కొబ్బరిమొద్దు పీచుమయము. గొడ్డలి దిగబడినచో వెలికి రాదు. మా తరగతిలో ప్రథమస్థానమున నుండు బాలుని అరచేతులు అరగంటలో బొబ్బలెక్కెను. అప్పుడు ఎల్లప్పుడును వెనుకబల్లమీద కూర్చుండి, నాచేత దినమునకొకసారి చీవాట్లు తినుచుండిన బాలుడొకడు ముందునకు వచ్చెను. మొద్దు ఏ ప్రక్కకు బరువు మోపియున్నదో చూచి, ఎచ్చట కొట్టవలెనో, ఎవరెవరు దూరముగా నిలువవలెనో వాడు చెప్పసాగెను. వాని తండ్రి తోటకూలి. ఆ మధ్యాహ్నమంతయు వాడు ఉపాధ్యాయుడు, నేను శిష్యుడను. వాని విద్యను కొలుచు ప్రశ్న నా పరీక్షాపత్రములలో ఒక్కటియు లేదని నాకప్పుడు తెలిసినది.

ఆ సందున కిరుప్రక్కల రెండు కుటుంబములవారు గలరు. గట్టు తగవు మూలమున వారికి ఏండ్ల తరబడి మాటలు లేవు. మొదట ఒక ప్రక్కవారే వచ్చిరి. తమ గుమ్మము ముందరి మొద్దును పట్టణపు పిల్లలు లాగలేక అవస్థపడుచుండగా చూచి, రెండవ ప్రక్కవారును మోకు తెచ్చి పట్టిరి. ఆ వ్యాజ్యము పిమ్మటకూడ నడిచినదట. అయినను కరెంటు వచ్చువరకు ఒక్క నూతినీరే తోడుకొనిరి.

మరునాడు ప్రొద్దెక్కువేళకు మనిషి నడుచునంత దారి యేర్పడెను. బండి రాదు. నులకమంచమునకు రెండు వెదుళ్లు కట్టి, ఆయనను దానిపై కూర్చుండబెట్టి, ఊరివారును మేమును మార్చి మార్చి మోసితిమి. భుజములు ఒరయకుండ వెదుళ్లక్రింద మడతలుపెట్టిన పాతబట్టలు మేము తెచ్చినవే. వానికి ఆ గ్రామమున దొరికిన వినియోగమదొక్కటి. రోడ్డుమీద ఆటో సిద్ధముగా నుండెను. సాయంకాలమునకు చికిత్స జరిగినదని కబురు తెలియువరకు మా బాలురలో నెవరును అన్నము ముట్టలేదు.

తిరిగివచ్చునప్పుడు నాకు గిడుగు రామమూర్తి పంతులుగారు జ్ఞప్తికి వచ్చిరి. 1863లో మన శ్రీకాకుళము ప్రాంతముననే పుట్టిన ఆ మహనీయుడు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా నుండి, సవరలకు చదువు చెప్పదలచెను. తనకు తెలిసిన భాషలో వారికి పాఠము మొదలుపెట్టలేదు. సవరభాష తెలిసినవానిని ఇంట నుంచుకొని, ముందు తానా భాష నేర్చెను. పిమ్మటనే పుస్తకములు వ్రాసి, సొంతసొమ్ముతో బడులు పెట్టెను. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆయననుగూర్చి గ్రాంథికములో వ్రాయుచున్నందుకు నన్నాయన క్షమించుగాక!

ఆ ముసలాయన మరి రెండేండ్లకు పైగా జీవించెను. మేము 2019 తొలకరిలో వెళ్లి ఆ దొడ్డిలో అయిదు కొబ్బరిమొక్కలు నాటితిమి. ఈసారి ఎన్ని కావలెనో, ఏ జాతివి కావలెనో అడిగియే తీసికొనిపోతిమి. రెండు చచ్చినవి. వెనుకబల్ల బాలుడిప్పుడు విద్యుత్తు లైనుపనిలో నున్నాడు. తుపాను వార్త వినినంతనే వానినుండి నాకు ఫోను వచ్చును.

ఇటీవల ఆ గ్రామమునకు పోగా, మిగిలిన మూడింటిలో ఒకటి కాపునకు వచ్చియుండెను. ముసలమ్మ రెండు బొండములు నా చేతిలోబెట్టి, నా వెనుకకు తొంగిచూచి, "ఈ తడవ గుడ్డలు తేలేదేటి, మాష్టారూ?" అని నవ్వెను.