కూలర్ ఎందుకు బంద్ చేసినవ్ అవ్వా?

మొన్న మేలో వరంగల్ వెళ్ళాను. మిట్టమధ్యాహ్నం పక్కింటి అవ్వ కూలర్ బంద్ చేసి, తడిగుడ్డ కప్పుకుని కూర్చుంది. "రొండొందలు దాటితే బిల్లంత కట్టాలె బిడ్డా" అంది.

2024లో మొదలైన గృహజ్యోతి కింద రేషన్ కార్డున్న ఇంటికి నెలకి 200 యూనిట్ల దాకా కరెంటు ఉచితం. 201 అయితే మొత్తానికీ బిల్లే. మనం రాసే ఇఫ్-ఎల్స్ అన్నమాట!

బ్రిటన్‌లో పెద్దవాళ్ళకి చలికాలం హీటింగ్ ఖర్చుకని 1997లోనే డబ్బులివ్వడం మొదలెట్టారు. మన దగ్గర భయం చలితో కాదు, ఎండతో. వయసు మీదపడితే చెమట తగ్గుతుంది, దాహం సరిగ్గా తెలీదు. ఇంట్లో కూర్చున్నా వడదెబ్బ తగులుతుంది.

200 వాట్ల కూలర్ రోజుకి పది గంటలు తిరిగితే 2 యూనిట్లు, నెలకి 60. ముసలివాళ్ళున్న ఇళ్ళకి ఏప్రిల్, మే నెలల్లో ఆ 60 కలిపితే పోయేదేముంది?

ఏసీలో కూర్చుని ఫ్రీ కరెంటు దండగని వాదించినవాణ్ణే నేనూ. ఆ తడిగుడ్డ చూశాక నోరు పెగల్లేదు.