దుత్తమీది కోపము

అత్తమీది కోపము దుత్తమీద చూపుట కోడండ్ర గుణమని లోకులు నవ్వుదురు. ఆ గుణము తల నెరసిన మాయందును నిండుగా నున్నదని మొన్నటి వేసవిలో తెలిసికొంటిమి.

ఒక ధ్రువపత్రముకై విశాఖపట్టణములోని యొక కచేరీకి నాలుగుమారులు తిరిగితిమి. నాలుగవమారును "రేపు రండు" అనిరి. జగదాంబ కూడలిలో బస్సుకై గంటసేపు చెమటలో నిలిచి యిల్లు చేరితిమి. కోడలు కాఫీ తెచ్చెను. చల్లారినదని కసరి గ్లాసు త్రోసివైచితిమి. ఆ సాయంకాలము మా మనుమడు కావలి కాయునతని కుమారుని మా మాటలతోనే, మా గొంతుతోనే కసరుచుండుట వింటిమి. కచేరీలో పుట్టిన కోపము మూడు మెట్లు దిగి పసివాని నెత్తిపై పడినది! సిగ్గుపడి, మనుమని వెంటబెట్టుకొని పోయి యిరువురమును ఆ బాలుని మన్నింపు వేడితిమి. కోడలిని వేడుటకు మరి రెండు దినములు పట్టెను.

ఉక్కు కర్మాగారమున పనిచేసి విరమించిన మా మిత్రులొకరు జెన్ సాధన చేయుదురు. ఈ సంగతి విని మమ్ము తొట్లకొండకు గొనిపోయిరి. భీమిలి త్రోవలో సముద్రమున కెదురుగా నున్న ఆ బౌద్ధక్షేత్రము 1976లో నౌకాదళమువారి విమాన సర్వేక్షణమున బయల్పడినది. 1988 మొదలు 1993 వరకు త్రవ్వకములు జరిగినవి. వాననీరు నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్లవలన దానికా పేరు. అచ్చటి భిక్షువులు జెన్ వారు కారు. ఆ మార్గమప్పటికి పుట్టలేదు. కాని మన ధ్యానశబ్దమే చీనాలో చాన్ అయి, జపానులో జెన్ అయినది. ఆంధ్రదేశముతో సంబంధముగల నాగార్జునుని ఆ పరంపరవారు తమ పదునాలుగవ గురువుగా నెన్నుదురు.

సాధన చూచుటకు సులభము. వెన్ను నిలిపి, కన్నులు సగము మూసి, ఊపిరులను ఒకటినుండి పదివరకు లెక్కింపవలెను. తప్పినచో మరల ఒకటి. మేము మూడు దాటలేకపోతిమి. నాలుగవ యూపిరికే కచేరీ గుమాస్తా మనస్సున నిలిచెను! మిత్రులు నవ్వి, "కొలిమిలో వేడి యుండవలసినదే. ఇల్లంటుకొనకుండిన చాలును" అనిరి.

ఇట్టి సాధన అన్యాయమును సహింప నేర్పునేమో యని మేము శంకించితిమి. అయినను రెండు నెలలు వేకువజామున పావుగంట కూర్చుంటిమి. ఆపై ఐదవమారు కచేరీకి పోగా మరల "రేపు" అనిరి. మెడ వేడెక్కుట, పిడికిలి బిగియుట ఈసారి మాకు తెలిసెను. తెలిసినంతనే కోపము పోలేదు; కాని దానికిని నోటికిని నడుమ ఒక్క యూపిరి యెడము దొరకెను. ఆ యెడములో, మా దరఖాస్తు ఏ బల్లపై నెన్నాళ్లున్నదో తెలుపుడని 2005వ సంవత్సరపు సమాచారహక్కు చట్టము క్రింద అర్జీ వ్రాసి యిచ్చితిమి. ముప్పది దినములలో బదులీయవలెనని ఆ చట్టము. కోపమును దాని యసలు గుమ్మముకడ దింపి వచ్చుటయే శాంతమని మాకప్పుడు తోచెను.

చదువరులారా, మన యిండ్లలో దుత్త లెవ్వరో మనమే లెక్కించుకొనవలెను.

ఆనాడును మేమిల్లు చేరునప్పటికి కాఫీ చల్లారియుండెను. మేమే లేచి కాచుకొంటిమి. మనుమడు చూచుచుండెను.