ఆగినవాడికీ ఒక టికెట్టు

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కొనాలనుకున్న వీడియో గేముల జాబితా ఒకటి వాడి ఫోన్లో ఎప్పుడూ ఉంటుంది. పేరు పక్కనే ఇవాళ్టి ధర. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో ఎండాకాలం ఒకసారి, డిసెంబరు చివర్లో ఒకసారి పెద్ద సేల్ పెడతారు. పండగలకీ పుట్టినరోజుకీ చేతిలో పడ్డ డబ్బులు దాచుకుని, వాడు ఆ రోజుల కోసం కాచుకుని ఉంటాడు. కిందటి సంక్రాంతికి గుంటూరు వచ్చినప్పుడు, అప్పుడే అయిపోయిన సేల్‌లో ‘ది విచర్ 3’ కొన్నానని చెప్పాడు. అసలు ధరలో ఐదో వంతు కూడా పడలేదట. ఆ ఆట 2015 మే నెలలో వచ్చింది. అప్పటికి వీడు ఒకటో తరగతి.

ఆ జాబితా అడుగున విడిగా రాసుకున్న పేరు ఒకటుంది: ‘ది లెజెండ్ ఆఫ్ జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్’. “ఇది మాత్రం దిగదు పెదనాన్నా” అన్నాడు. 2017 మార్చి 3న నింటెండో కంపెనీ గేమ్ మిషన్ స్విచ్‌తో పాటే వచ్చిన ఆట అది. అప్పుడు అమెరికాలో 60 డాలర్లకు ఒక్క సెంటు తక్కువ. ఎనిమిదేళ్ళు దాటినా అదే ధర. అప్పుడప్పుడూ నాలుగు రోజులు కొంత తగ్గిస్తారు, మళ్ళీ అక్కడికే తెస్తారు. 2025 జూన్‌లో కొత్త మిషన్ స్విచ్ 2 వచ్చినప్పుడు దానికోసం మెరుగులు దిద్ది 70 డాలర్లు చేశారు. మా వాడి స్విచ్ డాలస్‌లో ఉన్న వాళ్ళ అత్త తెచ్చింది. స్విచ్ ఆటలకి ఇండియాలో నింటెండో సొంత దుకాణం లేదు కనక, ఎవరో ఒకరు తేవాలి, లేకపోతే బయటి అంగళ్ళలో వాళ్ళు చెప్పిన రేటుకు కొనాలి. ఎలా చూసినా అయిదువేల పైమాటే.

ఆ ధర మీద వాడికి కోపం ఉంటుందనుకున్నాను. లేదు. “బాగున్న ఆట ఎందుకు తగ్గాలి? ఎనిమిదేళ్ళయితే మాత్రం అందులో కొండలు అరిగిపోయాయా?” అని నన్నే అడిగాడు.

నాకు వెంటనే జవాబు తట్టలేదు. పాతబడితే కారు అరుగుతుంది, చొక్కా వెలిసిపోతుంది. ఆటకు ఆ బాధ లేదు. మొదటిరోజు ఆడినవాడికి ఎంత వాన కురిసిందో, ఇవాళ ఆడేవాడికీ అంతే వాన కురుస్తుంది. అలాంటప్పుడు ధర ఎందుకు తగ్గాలి?

దీనికి నాకు దొరికిన జవాబు మా అమ్మమ్మ వాళ్ళ ఊరిది. తెనాలి దగ్గర పల్లె. కొత్త సినిమా ముందు గుంటూరులో ఆడేది. తర్వాత తెనాలికి వచ్చేది. ఇంకొన్ని నెలలకి, గీతలు పడి అక్కడక్కడా తెగిన రీలు మా ఊరి టూరింగ్ టాకీసుకి చేరేది. అక్కడ కూడా కుర్చీ, బెంచీ, నేల అని మూడు తరగతులు. అమ్మమ్మ మమ్మల్ని నేల టికెట్టుకే తీసుకెళ్ళేది. ఇసక కుప్ప చేసుకుని దాని మీద కూర్చుని చూసేవాళ్ళం. గుంటూరులో మొదటివారం చూసిన మా మేనమామ కథంతా ముందే చెప్పేసేవాడు, అయినా మాకు ఆ సినిమా కొత్తదే. ఆలస్యంగా వచ్చింది కనక తక్కువ ధరకి వచ్చింది, తక్కువ ధర కనక మా దాకా వచ్చింది. ఊరంతా చూసింది. నెలల తరబడి మేం ఆగడమే ఆ టికెట్టులో మేం కట్టిన మిగతా సగం.

వీడియో గేముల ధర దిగడాన్ని నేను ఇలాగే చూస్తాను. మొదటిరోజు అర్ధరాత్రి మేలుకుని కొనేవాడిది కుర్చీ. అందరూ మాట్లాడుకుంటున్నప్పుడే తనూ ఆడాలన్న ఆత్రానికి వాడు ఎక్కువ కడతాడు, కట్టడం న్యాయమే. రెండేళ్ళాగినవాడికి బెంచీ. పదేళ్ళాగి కొన్న మా తమ్ముడి కొడుకుది నేల. ముగ్గురికీ కనిపించే తెర ఒక్కటే.

పైగా ధర దించడానికి ఆటకున్నంత వీలు సినిమా రీలుకు కూడా లేదు. ఖర్చంతా ముందే అయిపోతుంది: ఏళ్ళ తరబడి వందలమంది జీతాలు. తయారయ్యాక ఇంకో కాపీ ఇవ్వడానికి దాదాపు ఏమీ కాదు. స్టీమ్ లాంటి చోట అమ్మకంలో 30 శాతం అంగడివాడికి పోయినా, మిగిలింది చేసినవాడికి చేరుతుంది. స్టీమ్ నడిపే వాల్వ్ సంస్థ అధిపతి గేబ్ న్యూవెల్ 2009లో ఒక సభలో ఈ లెక్క బయటపెట్టాడు. ‘లెఫ్ట్ 4 డెడ్’ ఆటను ఒక వారాంతం సగం ధరకిస్తే అమ్మకాలు 3000 శాతం పెరిగాయన్నాడు. ధర సగానికి దించితే రాబడీ సగమవుతుందని భయపడేవాళ్ళకి ఆ మాట కళ్ళు తెరిపించింది. ఆ కొత్తవాళ్ళంతా అప్పటిదాకా గుమ్మం బయట నిలబడి ఉన్నవాళ్ళే.

మన దగ్గర ఆ గుమ్మం బయట ఎంతమంది ఉండేవాళ్ళో నాకు తెలుసు. నా తొమ్మిదో తరగతిలో గుంటూరు అరండల్‌పేటలో ఒక వీడియో గేమ్ షాపు ఉండేది. అరగంటకు మూడు రూపాయలు. ఆట ఉన్న కార్ట్రిడ్జిని క్యాసెట్ అనేవాళ్ళం, అందులో ‘కాంట్రా’ ఆడటానికి ఇద్దరం చెరో రూపాయిన్నరా వేసుకునేవాళ్ళం. తర్వాత డిగ్రీ రోజుల్లో ఇంటర్నెట్ సెంటర్లు, వాటిలో ‘రోడ్ రాష్’, ‘ఐజీఐ’, ఆ తర్వాత ‘వైస్ సిటీ’. వాటిలో ఒక్కటి కూడా మేం డబ్బు పెట్టి కొన్నది కాదు. పాలిథిన్ కవర్లో, మీద స్కెచ్ పెన్నుతో పేరు రాసిన సీడీ ఎవరిదో ఒకరిది తిరుగుతూ ఉండేది. అసలు డబ్బా ఎలా ఉంటుందో చూడకుండానే నా తరం పెరిగింది. అది తప్పని ఇప్పుడు అనుకుంటున్నాను. కానీ మాకు అందే ధర అనేదే అప్పట్లో లేదు. స్టీమ్ రూపాయల్లో అమ్మడం మొదలుపెట్టిందే 2015 చివర్లో. ఇవాళ ప్లేస్టేషన్ 5కి వచ్చే పెద్ద ఆట కొత్తలో 4,999 రూపాయలు. గుంటూరు మెస్సులో ఒక మనిషి నెలంతా రెండుపూటలా తినడానికి దాదాపు అంతే అవుతుంది. ఆ ధర ఏనాటికీ దిగకపోతే మా తమ్ముడి కొడుకు కూడా స్కెచ్ పెన్ను సీడీల దారే పట్టేవాడు. వాడు పట్టలేదు. డబ్బిచ్చి కొంటున్నాడు, అలా కొన్నందుకు వాడికి గర్వంగా ఉంది. దిగిన ధర చేసిన మేలు ఇది.

అయితే బాగున్న ఆట ఎందుకు తగ్గాలన్న వాడి ప్రశ్నలో న్యాయం లేదని అనను. ‘ఫ్యాక్టోరియో’ అనే ఆట ఉంది, చెక్ దేశంలో ప్రాగ్‌లో ఒక చిన్న బృందం చేసింది. ఫ్యాక్టరీ కట్టుకుంటూ పోవడమే ఆట. సేల్ ఎప్పుడూ పెట్టమని వాళ్ళు ముందే చెప్పేశారు, ఆ మాట నిలబెట్టుకున్నారు. పైగా ధర పెంచారు కూడా: 20 డాలర్లది 2018లో 30 అయింది, 2023 జనవరిలో ద్రవ్యోల్బణం లెక్కన 35 అయింది. మొదటిసారి చదివినప్పుడు నాకు ఇది అహంకారంలా తోచింది. తర్వాత ఆలోచిస్తే వాళ్ళ పక్షం అర్థమైంది. ఏళ్ళ తరబడి ఆ ఆటను చెక్కుతూనే ఉన్నారు. ఇవాళ కొనేవాడు మొదట కొన్నవాడికంటే మెరుగైన ఆటే కొంటున్నాడు. నిన్న నిండు ధరకు కొన్నవాడు ఇవాళ సగానికి చూసి నొచ్చుకునే రోజు అక్కడ రాదు. అలాగే ‘స్టార్‌డ్యూ వ్యాలీ’. ఎరిక్ బారోన్ అనే ఒకే ఒక్కడు చేసిన పొలం ఆట. 2016లో 15 డాలర్లతో మొదలై అసలు ధర అక్కడే ఉంది, కానీ ఎనిమిదేళ్ళ తర్వాత 2024లో కూడా ఉచితంగా కొత్త పండగలూ పంటలూ చేర్చాడు. పని ఆగనప్పుడు ధర ఆగి ఉండటంలో నాకు తప్పు కనిపించదు.

దించడంలో ప్రమాదమూ ఉంది. 1983లో అమెరికాలో ఆటలు కుప్పలుగా తయారై అమ్ముడుపోక, కొట్లవాళ్ళు గంపలకెత్తి అయినకాడికి తెగనమ్మితే, మంచి ఆటను కూడా నిండు ధరకి కొనే నాథుడు లేకుండా పోయాడు. అటారీ సంస్థ మిగిలిన క్యాసెట్లను న్యూ మెక్సికో రాష్ట్రంలో ఎడారి ఊరు అలమొగోర్డో చెత్తగుంతలో పూడ్చింది. 2014లో తవ్వి తీశారు. ఇవాళ ధర సున్నా దాకా దిగి ఫోన్లలో ఆటలు ఊరికే వస్తాయి, ఆ తర్వాత పది పది రూపాయలుగా పిల్లల దగ్గర పిండుకుంటాయి. దానికంటే ధర ముందే చెప్పి, మొత్తం ఆట చేతిలో పెట్టే పద్ధతి వెయ్యి రెట్లు మర్యాద.

కానీ నింటెండో పట్ల నాకున్న ఫిర్యాదు పోదు. ఒకప్పుడు వాళ్ళకూ నేల టికెట్టు ఉండేది. 1996 నుంచి ‘ప్లేయర్స్ ఛాయిస్’ అని, పది లక్షల కాపీలు దాటిన ఆటల్ని ధర దించి మళ్ళీ విడుదల చేసేవాళ్ళు. 2011 నుంచి ‘నింటెండో సెలెక్ట్స్’ అని, ‘వీ’ (Wii) అనే తమ మిషన్ ఆటలు 20 డాలర్లకే ఇచ్చారు. ఎక్కువమంది మెచ్చిన ఆటే ఎక్కువమందికి అందాలన్న ఆ పద్ధతి ఎంత అందమైనది! స్విచ్ వచ్చాక ఆ వరస ఆగిపోయింది. 2014లో ఇంకో మిషన్‌కి వచ్చిన ‘మారియో కార్ట్ 8’ని 2017లో స్విచ్‌కి తెచ్చి, ఆరు కోట్ల పైన అమ్మి కూడా 60 డాలర్ల దగ్గరే ఉంచారు. పెట్టిన ఖర్చు ఎన్నిసార్లు తిరిగొచ్చి ఉండాలి! అంత ప్రేమ సంపాదించిన ఆట పల్లె టాకీసు దాకా రాకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి నన్ను ధరకంటే ఎక్కువ కలవరపెడుతుంది. ‘వైస్ సిటీ’ మా తరానికి చిన్ననాటి వీధి లాంటిది. 2021లో ఆ ఆట సంస్థవాళ్ళు దానికీ ఇంకో రెండు పాత ఆటలకీ రంగులద్ది 60 డాలర్ల మూట కట్టి అమ్మబోయే ముందు, తక్కువ ధరకి దొరుకుతున్న అసలు ఆటల్ని డిజిటల్ అంగళ్ళలోంచి తీసేశారు. కొత్త మూట తప్పులతడకగా వచ్చి జనం గొడవ చేశాక పాతవాటిని తమ దుకాణంలో మళ్ళీ పెట్టారు. ‘అలన్ వేక్’ అయితే పాటల లైసెన్సులు అయిపోయి 2017లో అంగడిలోంచే లేచిపోయింది, వెళ్ళేముందు 90 శాతం తగ్గించి వీడ్కోలు చెప్పింది, ఏడాది దాటాక గానీ తిరిగి రాలేదు. 2023లో వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ లెక్క తీస్తే, 2010కి ముందు అమెరికాలో వచ్చిన ఆటల్లో 87 శాతం ఇవాళ కొనుక్కుందామన్నా అంగట్లో లేవు. టికెట్టు ఎంతని గొడవ పడటానికి కూడా ముందు టాకీసు ఉండాలి. అందుకే పాత ఆటను చవగ్గా అయినా అమ్మకంలో ఉంచేవాళ్ళంటే నాకు గౌరవం.

మొన్న వాడు ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పాను. కొండలు అరగలేదు నిజమే, కానీ ఆ కొండలకైన కూలి ఎప్పుడో ముట్టింది కదరా, ఇప్పుడు కొంచెం దింపితే ఇంకా ఎంతమంది ఎక్కేవాళ్ళో అన్నాను. వాడు శ్రద్ధగా విని, “మేం వేరే దారి చూసుకున్నాం పెదనాన్నా” అన్నాడు. జెల్డా స్విచ్‌లో కార్డు మీద వస్తుంది. స్టీమ్‌లో కొన్న ఆట మళ్ళీ అమ్ముకోవడానికి లేదు, ఈ కార్డు మాత్రం చేతులు మారుతుంది. ఆ ఆట ధర దిగదు కనక పాత కార్డుకీ మంచి రేటే పలుకుతుంది. అందుకని స్విచ్ ఉన్న స్నేహితులు ముగ్గురు కలిసి తలా ఇంత వేసుకుని ఒక కార్డు కొన్నారు. ఒక్కొక్కరి దగ్గర రెండు నెలలు. అందరూ ఆడటం అయ్యాక అమ్మేసి, వచ్చింది పంచుకుని, ఇంకోటి కొంటారట.

కార్డు ఇప్పుడు రెండోవాడి దగ్గర ఉంది. అందులో ఏమేం ఉన్నాయో వాడు రోజూ కాలేజీకి వచ్చి చెప్పేస్తున్నాడట. మావాడి వంతు దసరా సెలవుల్లో వస్తుంది.