ఆరు నెలల సబర్

పోయినేడు మా బేటీని రిష్తా చూడ్డానికొచ్చిన ఓ ఖాలా, “బచ్చీ ఖూబ్‌సూరత్, దాంతాఁ జరా టేఢే” అనేసింది. ఆ రోజు నుంచి పిల్ల నవ్వితే దుపట్టా అడ్డం.

గుంటూరు డాక్టరు గారు కంటికి కనిపించని తొడుగులు, అలైనర్లు పెట్టారు. “కొద్ది వంకరే, ఆరు నెలలు. రోజుకి 22 గంటలు ఉండాలి.” రెండు వారాలకో కొత్త జత. పంటికి ఒక పక్క ఎముక కరిగి, మరో పక్క కట్టుకోవాలట, జల్దీ కుదరదు. దస్తర్‌ఖాన్ ముందు తియ్యాల్సిందే, మన మిర్చి సాలన్ తగిలితే మరకలే.

షాదీల్లో తీసి మరిచిపోయేది, ఆరు ఎనిమిదయ్యాయి. పళ్లు పాత జాగాకి పోకుండా ఇప్పుడు రాత్రిళ్లు రిటైనర్.

మొన్న అదే ఖాలా మళ్లీ కబురంపింది. “ఇన్కార్ చెప్పమ్మీ” అంది బేటీ, దుపట్టా అడ్డం లేకుండా నవ్వుతూ.